పండగ మీద సంగీత నాటిక రాసి పోటీకి పంపాలంటే: ఏ రూపం, ఏ సంగీతం, ఏ పోటీ?

సంక్రాంతి మీదో బతుకమ్మ మీదో ఒక కథ తట్టింది. నాలుగు పాటలు కూడా కుదిరాయి. పండగ రోజు ఊళ్లో ఆడదామని మొదలుపెట్టారు. ఈలోగా ఎవరో "బాగుంది, పరిషత్తుకు పంపండి" అన్నారు. పరిషత్తు అంటే నాటకాల పోటీలు నిర్వహించే సంస్థ. ఇక అక్కడి నుంచి టెన్షన్ మొదలు. నాటికగా రాయాలా, పద్యనాటకంగా రాయాలా? హార్మోనియం పెట్టుకోవాలా, సంగీతం ముందే రికార్డు చేసి ట్రాక్ చేయించుకోవాలా? పెద్ద పోటీకే వెళ్లాలా, పక్క ఊరి పరిషత్తుతో మొదలుపెట్టాలా?

మాది గుంటూరు జిల్లాలో ఒక చిన్న నాటక సమాజం. అందరం ఉద్యోగాలో వ్యవసాయాలో కొట్లో చూసుకుంటూ, సాయంత్రాలు రిహార్సల్ వేసుకునేవాళ్లమే. పండగ మీద సొంతంగా రాసుకున్న సంగీత నాటికలు రెండు పోటీలకు తీసుకెళ్లాం. మొదటిది స్క్రూటినీ, అంటే స్క్రిప్టు చదివి చేసే ఎంపిక, దాటింది గానీ స్టేజీ మీద నిలవలేదు. రెండోది నిలిచింది. రెండు కథలూ దాదాపు ఒకే బరువున్నవి. తేడా అంతా మేం నిర్ణయాలు తీసుకున్న వరసలో ఉంది. మొదటిసారి ముందు పోటీని ఎంచుకుని, దానికి తగ్గ రూపం వెతుక్కుని, చివర్లో పాడేవాళ్ల కోసం పరుగెత్తాం. రెండోసారి ముందు మా దగ్గరున్న గొంతులు చూసుకున్నాం. ఆ గొంతులకు తగ్గ రూపం, ఆ రూపానికి తగ్గ పోటీ తర్వాత వచ్చాయి. మీకూ ఆ వరసే చెప్తాను.

ముందు గొంతులు

ఒక కాగితం మీద మీ సమాజంలో ఉన్నవాళ్ల పేర్లన్నీ రాసి, ఎదురుగా ఎవరి శృతి ఎంతో రాయండి. శృతి అంటే ఆ గొంతు హాయిగా పాడే ఆధార స్థాయి, హార్మోనియం మెట్లను బట్టి ఒకటి, రెండు అని లెక్క. హార్మోనియం తెలిసినవాళ్ల దగ్గర కూర్చుంటే ఒక సాయంత్రం పని. మామూలు మగ గొంతు ఒకటి నుంచి రెండు శృతి మధ్యలో హాయిగా పాడుతుంది. ఆడవాళ్లకు ఐదు, ఐదున్నర దగ్గర తేలిక. విడివిడిగా పాడినంతసేపు ఇబ్బంది లేదు. ఇద్దరూ ఒకే పాట పంచుకోవాల్సి వచ్చినప్పుడే చిక్కు.

మా మొదటి నాటికలో భోగిమంట దగ్గర తండ్రీకూతుళ్ల పాట ఉండేది. పల్లవి కూతురిది కాబట్టి బాణీ ఐదున్నరలో కట్టారు. ఇంట్లో విన్నప్పుడు ఎంతో బాగుంది. స్టేజీ మీద తండ్రి వేషం వేసినాయన తన చరణం ఎత్తుకునేసరికి, పై స్థాయిలో గొంతు అందలేదు. కిందికి దిగితే మూడో వరసకు కూడా వినపడలేదు. ఆ చరణంలోనే ఆయన పొలం అమ్మిన సంగతి కూతురికి చెప్పాలి. కథ మలుపు తిరిగే మాట అది, జనానికి చేరనే లేదు. తర్వాత చాలామంది "పొలం ఎప్పుడు అమ్మాడండీ?" అని అడిగారు.

రెండోసారి దీనికి రెండు మార్గాలు వాడాం. ఒకటి, పెద్దవాళ్ల వేషాలకు పాట బదులు లయలో మాట పెట్టడం. వెనక చిడతలు నడుస్తుంటే, పద్యం చదివినట్టు కాకుండా మాట్లాడుతున్నట్టే, తాళం తప్పకుండా చెప్పడం. రెండు, చరణానికీ చరణానికీ మధ్య డప్పు ఒక్కటే వాయించి, కొత్త చరణాన్ని పాడేవాళ్ల సొంత శృతిలో ఎత్తుకోవడం. డప్పుకు స్వరం లేదు కాబట్టి, నాలుగు ఆవర్తాలు (తాళం చుట్లు) అయ్యేసరికి చెవి పాత శృతిని వదిలేస్తుంది.

ఆ కాగితం మీదే ఇంకో గడి గీయండి: నడుస్తూ పాడగలరా? కుర్చీలో కూర్చుని బ్రహ్మాండంగా పాడేవాళ్లు బిందె చంకనెత్తుకుని పది అడుగులు వేస్తూ పాడమంటే ఆగిపోతారు. ఈ పరీక్ష రిహార్సల్ మొదటి వారంలోనే పెట్టండి. బాగా పాడి నటన రానివాళ్లు, బాగా నటించి పాట అంతంతమాత్రం అయినవాళ్లు ఇద్దరూ ఉంటే, ముఖ్య పాత్ర నటులకే ఇవ్వండి. పరిషత్తులో కూర్చునే న్యాయనిర్ణేతలు ముందు నాటకం చూస్తారు, తర్వాతే పాట వింటారు. మంచి గాయకుడికి కథలో పాడటమే పనైన పాత్ర ఒకటి సృష్టించుకోవచ్చు.

బయటి నుంచి నటీమణిని పిలిపించుకునే సమాజాలు చాలా ఉన్నాయి. ఆమె ప్రదర్శనకు రెండు మూడు రోజుల ముందు మాత్రమే రాగలుగుతుంది. ఒప్పుకున్న రోజే ఫోన్లో శృతి అడిగి తెలుసుకోండి. ఆ తర్వాతే బాణీ కట్టించండి. బృందగానాలు మాత్రం రోజూ రిహార్సల్‌కి వచ్చే మీ ఊరి పిల్లలకే ఉంచండి. కలిసి ఊపిరి తీసుకోవడం రెండు రోజుల్లో వచ్చే విద్య కాదు.

రూపం

మీ కథ పురాణంలోదైతే పద్యనాటకం సహజంగా సరిపోతుంది. దీపావళికి నరకాసుర వధ, దసరాకు మహిషాసురమర్దిని, భోగికి గోదా కల్యాణం లాంటివన్నీ పద్యానికి ఒదిగే కథలు. పౌరాణికానికి జనం ఇప్పటికీ వస్తారు, మంచి పద్యానికి వన్స్ మోర్ ఇప్పటికీ పడుతుంది. కానీ సొంత రచన అన్నాక పద్యాలు కూడా కొత్తవే కావాలి. యతిప్రాసలు తప్పితే పట్టుకునేవాళ్లు న్యాయనిర్ణేతల్లోనే కాదు, ప్రేక్షకుల్లోనూ ఉంటారు. రాగం తీసి పద్యాన్ని నిలబెట్టగల గొంతులు కనీసం మూడు ఉండాలి. ఒక్కరే ఉంటే మిగతా పాత్రలు వెలవెలబోతాయి. కిరీటాలు, నగలు, పట్టుబట్టల అద్దె కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఛందస్సు తెలిసిన రచయిత, ముగ్గురు పద్యం పాడేవాళ్లు, మంచి హార్మోనిస్టు మీకు ఉంటే ఇంకేమీ ఆలోచించకుండా ఇటే వెళ్లండి. అవి లేకుండా వెళ్తే మాత్రం ఏళ్ల తరబడి పద్యమే వృత్తిగా ఉన్నవాళ్ల పక్కన నిలబడాల్సి వస్తుంది.

పాటలున్న సాంఘిక నాటిక మాలాంటివాళ్లకు తగిన రూపం. పరిషత్తుల్లో నాటిక అంటే సాధారణంగా గంట. ఇందులో పాటలు ఎన్ని ఉండాలన్నది లెక్క వేసుకోవాల్సిన విషయం. ఒక్కో పాట నాలుగు నిమిషాలైతే నాలుగు పాటలకు పదహారు నిమిషాలు. మిగిలిన నలభై నాలుగు నిమిషాల్లోనే పాత్రల పరిచయం, గొడవ, మలుపు, ముగింపు అన్నీ జరగాలి. ఐదో పాట పెడితే కథకు ఊపిరాడదు. మేం మూడు పూర్తి పాటలు, రెండు చిన్న బిట్లు పెట్టుకున్నాం, అది సరిపోయింది. సమయం మించితే మార్కులు తగ్గించే పోటీలు ఉన్నాయి కాబట్టి, చప్పట్లకు ఆగే సమయం కూడా కలుపుకుని యాభై ఐదు నిమిషాలకే నాటిక ముగిసేలా కూర్చుకోండి.

పాట తీసేసినా కథ నడుస్తుందా అని ప్రతి పాట దగ్గరా అడగండి. నడుస్తుందంటే ఆ పాట అనవసరం. పండగ వాతావరణం కోసమని గొబ్బిపాట, గంగిరెద్దు, కోడిపందెం వరసగా పెట్టేస్తే అది నాటిక కాదు, సాంస్కృతిక కార్యక్రమం అవుతుంది. స్క్రూటినీలో పక్కకు పోయే పండగ నాటికల్లో నేను చదివినవి ఎక్కువగా ఇలాంటివే.

మీ బలం నృత్యమైతే, డాన్స్ స్కూలు పిల్లలు ఉంటే నృత్యరూపకం చేసుకోండి. కానీ దాన్ని నాటిక విభాగంలో పంపకండి. తెలుగు సంఘాల వేడుకలకు, గుడి ఉత్సవాలకు, సాంస్కృతిక పోటీలకు అది అందం. పరిషత్తులో అదే ప్రదర్శనను సంభాషణ బలం చూసి కొలుస్తారు, అన్యాయమైపోతుంది.

బాలల నాటిక గురించి ఎక్కువమంది ఆలోచించరు గానీ, పండగ సంగీత నాటికకు అంత అనుకూలమైన రూపం ఇంకొకటి లేదు. నేను పైన చెప్పిన శృతి తలనొప్పి అందులో ఉండదు. పన్నెండేళ్ల లోపు మగపిల్లలూ ఆడపిల్లలూ దాదాపు ఒకే శృతిలో పాడతారు. వెనకటి రోజుల్లో దసరాకు పిల్లలు విల్లంబులు పట్టుకుని అయ్యవారితో ఇంటింటికీ తిరిగి పాడేవాళ్లు, పప్పుబెల్లాలు అడిగేవాళ్లు. ఆ ఆచారం ఒక్కటి చాలు గంట కథకు. ఒకే ఒక అడ్డం, పరీక్షలు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పిల్లలు దొరకరు, ఎక్కువ పరిషత్తులు జరిగేదీ అప్పుడే.

పండగలో పాట ఎక్కడుంది?

నాటకంలో మనుషులు ఉన్నట్టుండి ఎందుకు పాడతారన్న ప్రశ్నకు మన పండగలు చాలావరకు జవాబు చెప్పేస్తాయి. అందులో నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించేది హరిదాసు. ధనుర్మాసంలో తెల్లవారుజామున నెత్తిన అక్షయపాత్ర, చేతిలో తంబుర, చిడతలు, కాళ్లకు గజ్జెలతో బయల్దేరతాడు. ఊరంతా తిరిగి ఇంటికి చేరేదాకా పాత్ర దించడు, హరినామం తప్ప మాట్లాడడు. అంటే మాట్లాడకూడని మనిషి, పాటతోనే బదులివ్వాల్సిన మనిషి. రాసేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి?

మా రెండో నాటిక అంతా ఈ ఒక్క విషయం మీదే నిలబడింది. ఇద్దరు కొడుకులూ బస్తీలకు వెళ్లిపోయిన ఇంట్లో ఒక తల్లి ఒంటరిగా ఉంటుంది. పెద్దాడు ఉండే పేటలో కూడా హరిదాసు తిరుగుతాడని ఆమెకు తెలుసు. "స్వామీ, ఈసారైనా వస్తాడా మావాడు?" అని అడుగుతుంది. ఆయన చూసి వచ్చాడు, ఆ ఇంటికి తాళం వేసి ఉంది. కానీ మాట్లాడకూడదు. మొదట మా రచయిత అక్కడ నాలుగు చరణాల పాట రాశాడు. తల్లిదండ్రులను మరిచినవాళ్లకు పండగెక్కడిది, పుణ్యమెక్కడిది అనే ధోరణిలో. రిహార్సల్లో అందరం తల ఊపాం గానీ, తల్లి వేషం వేసినావిడ మాత్రం "ఆయన నాకు నీతి చెప్తున్నట్టుంది, సమాధానం చెప్తున్నట్టు లేదు" అంది. ఆ రాత్రే పాటంతా కొట్టేసి రెండే వరసలు ఉంచాడు:

"గడపగడపకు పోతినయ్యా, గుమ్మగుమ్మము చూస్తినయ్యా,
తాళమేసిన ఇంటి ముందర తంబురా మూగాయెనయ్యా."

మిశ్రగతిలో (ఏడు మాత్రల నడక), తంబుర మీద, ఇంకే వాయిద్యం లేకుండా పాడించాం. 'మూగాయెనయ్యా' అన్న చోట తంబుర మీద చెయ్యి ఆపేస్తాడు. తల్లికి అర్థమైపోతుంది. ఆమె లోపలికి వెళ్లి బియ్యం తెచ్చేదాకా స్టేజీ మీద చప్పుడు ఉండదు. సంగీత నాటిక అంటే ఆగకుండా పాట మోగుతూ ఉండటం కాదని మాకు అర్థమైంది అక్కడే.

బతుకమ్మ కథ ఎత్తుకునేవాళ్లకు వేరే బలం ఉంది. ఒకరు సగం చరణం చెప్తే మిగతావాళ్లు 'ఉయ్యాలో' అనో 'చందమామ' అనో అందుకునే ఆ పద్ధతి కథ చెప్పడానికే పుట్టిందనిపిస్తుంది. ఎంత పెద్ద కథనైనా ఆ నడకలో చెప్పొచ్చు. పెద్దగా పాట రానివాళ్లు కూడా అందుకోగలరు, చప్పట్లే తాళం. ఇబ్బందల్లా స్టేజీ మీద గుండ్రంగా తిరిగితే సగం మంది వీపులు ప్రేక్షకులకు కనిపిస్తాయి, సగం గొంతులు వెనక్కి పోతాయి. వలయాన్ని అర్ధచంద్రంలా తెరిచి, కథ చెప్పే ఆమెను ముందుకు తేవాలి. ఇంకో మాట మనస్ఫూర్తిగా చెప్తున్నాను: మీది తెలంగాణ కాకపోతే ఆ యాసను సినిమాల్లో విన్నంత మేరకు పెట్టకండి. అక్కడి మనిషిని ఒకరిని పిలిచి సంభాషణలన్నీ చదివించండి. లేదంటే మీ ఊరి పండగే ఎత్తుకోండి.

క్రిస్మస్ కథలు చర్చి యువజనుల దగ్గర చక్కగా తయారవుతాయి. వాళ్లకు ఏడాది పొడుగునా బృందగానం అలవాటు, అది ఇతర సమాజాలకు లేని ఆస్తి. పశువుల పాక, గొల్లలు, జ్ఞానులు అని అందరికీ తెలిసిన కథనే మళ్లీ చెప్పకుండా, మీ పల్లెలో డిసెంబరు రాత్రుల్లో ఇంటింటికీ తిరిగి పాడే బృందం చుట్టూ కథ అల్లితే పోటీలో కొత్తగా ఉంటుంది.

లైవ్ సంగీతమా, ట్రాకా?

ఇప్పుడు చాలా నాటికలకు సంగీతం ల్యాప్‌టాప్‌లోంచే వస్తోంది. వింగులో ఆపరేటర్ కూర్చుని క్యూ ప్రకారం నొక్కుతాడు. దానివల్ల లాభం చిన్నది కాదు. స్టూడియోలో ఒక్కసారి వేణువు, వయొలిన్, తబలా వాయించుకుంటే పది ప్రదర్శనలకు వస్తుంది. వాయిద్యకారుల ప్రయాణం, భోజనం, బస మిగులుతాయి. పాట మాత్రం నటులే స్టేజీ మీద పాడాలి. పాట కూడా రికార్డు చేసి పెదాలు కదిపితే వెనక వరసలో ఉన్నవాళ్లకు కూడా తెలిసిపోతుంది, సంగీతం మార్కులూ అక్కడే పోతాయి.

లైవ్ పెట్టుకుంటే హార్మోనిస్టు నటుడి వెంట నడుస్తాడు. నటుడు ఒక మాట మరిచిపోయి ఆగితే ఆయన ఇంకో ఆవర్తం వాయిస్తాడు. ట్రాక్ ఆగదు, అది ముందుకు వెళ్లిపోతుంది. పాత్రలో ఏడుపు వచ్చి గొంతు పూడుకుపోయినప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది. లైవ్ సంగీతం నాటకానికి ఏం చేస్తుందో చూడాలంటే సురభి నాటక కుటుంబాల ప్రదర్శన ఒకటి చూడండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ కుటుంబాల్లో పాట, వాయిద్యం, నటన ఒకే ఇంట్లో పెరిగాయి. హార్మోనియం అక్కడ పక్కవాద్యంలా ఉండదు, ఇంకో పాత్రలా ఉంటుంది.

ఒక పరిషత్తులో మా మొదటి నాటిక జరుగుతుండగా కరెంటు పోయింది. జనరేటర్ అందుకునేలోపు ల్యాప్‌టాప్ నడుస్తూనే ఉంది గానీ స్పీకర్లు ఆగాయి. మళ్లీ వచ్చేసరికి ట్రాక్ రెండో చరణంలో ఉంది, మా అమ్మాయి మొదటి చరణంలో ఉంది. మేం అప్పటి నుంచి మధ్యేమార్గం పట్టుకున్నాం. దృశ్యాల మధ్య వచ్చే నేపథ్య సంగీతం ట్రాక్, పాటలకు మాత్రం ఒక హార్మోనియం, ఒక డప్పు లేదా తబలా, చిడతలు. ఇద్దరు వాయిద్యకారులే అదనం. మొదటిసారి పోటీకి వెళ్లేవాళ్లకు నేను ఇదే చెప్తాను. మీ ఊళ్లో భజన బృందం ఉంటే హార్మోనిస్టు కోసం ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు. రామాలయంలో శనివారం భజన వాయించే ఆయనకు నెల రోజులు టైమిస్తే మీ నాటిక కంఠతా వచ్చేస్తుంది.

మైకుల సంగతి ముందే అడగండి. చాలాచోట్ల స్టేజీ ముందు నాలుగైదు, పైన వేలాడే మైకులు ఒకటి రెండు ఉంటాయి. కాలర్ మైకులు ఉంటాయనుకుని పాట బ్లాకింగ్ (ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎటు కదలాలి అన్నది) చేస్తే దెబ్బతింటారు. మెల్లగా పాడాల్సిన పాటలన్నీ ముందు మైకుకు దగ్గరగా పెట్టుకోండి.

బాణీ ఎవరిది?

తెలిసిన సినిమా బాణీకి మాటలు మార్చి పాడితే ఊళ్లో ఈలలు పడతాయి. స్వతంత్ర రచన అడిగే పోటీకి మాత్రం అది పనికిరాదు. నాటకం మీది, పాట మీది కాదు అని తేలిపోతుంది. పైగా ప్రదర్శన వీడియో యూట్యూబ్‌లో పెట్టిన రోజే కాపీరైట్ హెచ్చరిక వస్తుంది.

జానపద బాణీలు వేరు. గొబ్బిపాటల నడక, బతుకమ్మ నడక, హరిదాసు కీర్తనల వరస తరతరాలుగా అందరివీ. వాటిమీద కొత్త మాటలు రాసుకోవచ్చు. అయితే అదే జానపదాన్ని ఏ సినిమాలోనో కొత్త వాయిద్యాలతో, కొత్త మలుపులతో చేసి ఉంటే ఆ కూర్పు వాళ్లది. మీరు పల్లెలో అమ్మమ్మల దగ్గర విన్నదాన్ని తీసుకోండి, సినిమాలో విన్నదాన్ని కాదు. నా ఇష్టం అడిగితే, మూడు పాటల్లో ఒకటి ఊరి నడకలో, రెండు కొత్త బాణీలు. మొత్తం జానపదమే అయితే న్యాయనిర్ణేతలకు సంగీతకర్త కనపడడు. మొత్తం కొత్తదే అయితే పండగ వినపడదు.

చట్టం ప్రకారం మీరు రాసిన క్షణం నుంచే రచన మీద హక్కు మీదే, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. 1957 కాపీరైట్ చట్టం కింద ఆ హక్కు రచయిత జీవితకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు ఉంటుంది. రిజిస్ట్రేషన్ చేయించుకోదలిస్తే నాటక రచనకు దరఖాస్తు ఫీజు 500 రూపాయలు. దీనికన్నా ముఖ్యమైన కాగితం ఇంకొకటుంది. బాణీ కట్టినవాళ్లు వేరైతే, ఈ నాటిక ఎక్కడ ఆడినా ఈ బాణీలు వాడుకోవచ్చని వాళ్లతో ఒక పేజీ రాయించుకుని సంతకం తీసుకోండి. స్నేహం మీద నడిచిపోతుందిలే అనుకుని, బహుమతి వచ్చాక మాట పట్టింపులతో ఆగిపోయిన మంచి నాటిక ఒకటి నాకు తెలుసు.

ఏ పోటీ?

ఇప్పుడు పోటీ దగ్గరికి వద్దాం. పండగ నాటికకు ఉన్న విచిత్రమైన ఇబ్బంది ఏమిటంటే, పోటీలు పండగ రోజుల్లో జరగవు. పరిషత్తుల్లో ఎక్కువ భాగం శివరాత్రి నుంచి ఉగాది మీదుగా ఎండాకాలం దాకా నడుస్తాయి. మార్చి 27 ప్రపంచ రంగస్థల దినోత్సవం, ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం జయంతి, మన తెలుగు నాటకరంగ దినోత్సవం. వీటి చుట్టూ కూడా ప్రదర్శనలు ఉంటాయి. అంటే మీ భోగిమంట ఏప్రిల్ ఉక్కలో వెలగాలి. చలి కాచుకుంటున్న నటుడికి చెమటలు కారుతుంటాయి. షామియానా కింద నిజమైన నిప్పు ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. నారింజ లైటు, చిన్న ఫ్యాను, పైకి ఎగిరే పట్టుగుడ్డ ముక్కలతో చేసుకోవాలి. బతుకమ్మకు గునుగుపూలు అప్పుడు దొరకవు, కాగితం పూలతో ముందే పేర్చుకోవాలి. పండగ హడావుడి మీద ఆధారపడ్డ కథలు అకాలంలో చల్లారిపోతాయి. పండగ పేరు చెప్పి మనుషుల మధ్య కథ నడిపినవి ఎప్పుడైనా నిలబడతాయి.

ఊరి పరిషత్తులు మన నాటకానికి ప్రాణం. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టిన దగ్గర్నుంచి ఈ పోటీల సంప్రదాయం నడుస్తోంది. ముందు స్క్రిప్టు పంపాలి, ఎంపికైతే తేదీ ఇస్తారు. ప్రదర్శన పారితోషికం, భోజనం, బస చాలాచోట్ల వాళ్లే చూస్తారు. ఉత్తమ ప్రదర్శనలతో పాటు రచన, దర్శకత్వం, నటుడు, నటి, సంగీతం, ఆహార్యం (వేషధారణ), రంగాలంకరణ వగైరాలకు విడిగా బహుమతులుంటాయి. కొత్త సమాజానికి ఇది పెద్ద అవకాశం. మొత్తం మీద మూడో స్థానం రాకపోయినా సంగీతానికి గుర్తింపు రావొచ్చు. ఒక పరిషత్తులో ఆడిన నాటిక బాగుంటే మిగతా పరిషత్తుల నిర్వాహకులే ఫోన్ చేస్తారు. ప్రేక్షకులు కూడా ఏళ్ల తరబడి నాటకాలు చూసినవాళ్లు, తప్పును తప్పని మొహం మీదే చెప్తారు, బాగుంటే టీకొట్టు దాకా వచ్చి చెప్తారు.

నంది నాటకోత్సవాలు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిర్వహించేవి, 1998లో మొదలయ్యాయి. పద్యనాటకం, సాంఘిక నాటకం, సాంఘిక నాటిక, బాలల నాటిక, కళాశాల యువజనుల నాటిక అని విభాగాలు విడిగా ఉండటం పెద్ద సౌకర్యం. మీ రూపాన్ని మీ రూపంతోనే పోలుస్తారు. స్వర్ణ, రజత, కాంస్య నందుల గౌరవం సంగతి చెప్పక్కర్లేదు. కానీ ఏటా క్రమం తప్పకుండా జరుగుతాయన్న భరోసా లేదు. కొన్నేళ్లు ఆగిపోయి 2023 డిసెంబరులో గుంటూరులో మళ్లీ జరిగాయి. కాబట్టి నందినే లక్ష్యంగా పెట్టుకుని ఏడాదంతా కూర్చోకండి. పరిషత్తుల్లో ఆడుతూ ఉండండి. ప్రకటన వస్తే అప్పటికి నాటిక నలిగి పదునెక్కి ఉంటుంది.

అపార్ట్‌మెంట్ల, కాలనీల, యువజన సంఘాల సంక్రాంతి పోటీలు పావుగంట ఇరవై నిమిషాలవి. అక్కడ గంట నాటికను కత్తిరించి ఆడకండి. అందులో ఒక్క దృశ్యాన్ని, ఒక్క పాటను తీసుకుని పూర్తి కథగా చేసుకోండి. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు సంఘాల పండగ కార్యక్రమాలే వేదిక. రెండేళ్లకోసారి జరిగే తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) మహాసభల లాంటి పెద్ద వేడుకల్లో ఎన్నో కార్యక్రమాల మధ్య మనకు దొరికే సమయం తక్కువ. అక్కడ పుట్టిన పిల్లలకు మాట అందకపోయినా పాట అందుతుంది. కాబట్టి వాళ్లు మాత్రం పాటల పాళ్లు పెంచి, నృత్యం కలిపి, బృందగానం మీద ఆధారపడటమే మంచిది.

మా సమాజంలాంటి కొత్తవాళ్లు అడిగితే నా జవాబు ఇది: గంట నిడివి సాంఘిక నాటిక, మూడు పాటలు, పాటలకు లైవ్, నేపథ్యానికి ట్రాక్, మొదట రాత్రి ప్రయాణంతో వెళ్లొచ్చే దూరంలో ఉన్న రెండు పరిషత్తులు. ఛందస్సు, పద్యగాయకులు ఉంటే పద్యనాటకం. బడి పిల్లలతో పనిచేసే ఉపాధ్యాయులైతే బాలల నాటిక, అది కూడా వేసవి సెలవుల్లో తయారుచేసి దసరాకు బయటికి తేవడం.

పంపే ముందు

ఎంట్రీ ఫారంతో పాటు స్క్రిప్టు ప్రతులు, స్వతంత్ర రచన అన్న హామీపత్రం, రచయిత అనుమతి అడుగుతారు. పాటలకు రాగం, తాళం, ఎవరు పాడతారు అన్నది స్క్రిప్టులోనే రాయండి. కేవలం "ఇక్కడ పాట" అని వదిలేస్తే స్క్రూటినీలో చదివేవాళ్లకు మీ నాటికలో సగం కనపడదు. పాటల ఆడియో పెన్‌డ్రైవ్‌లో పెట్టి పంపొచ్చా అని ఫోన్ చేసి అడగండి. కొందరు ఒప్పుకుంటారు.

ఇంకొకటి, ఎక్కడికి పంపినా ముందు పండగ నాడు మీ ఊళ్లో ఆడండి. ఆ పండగ తెలిసినవాళ్ల ఎదుట ఆడితే తప్పులు బయటపడతాయి. మేం కనుమ రాత్రి రామాలయం ముందు ఆడాం. అయిపోయాక ఒక పెద్దాయన వచ్చి మా హరిదాసు వేషగాడి భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన చిన్నప్పుడు వాళ్ల నాన్న ఇదే ఊళ్లో హరిదాసుగా తిరిగేవాడట. "బియ్యం పోసేది చిన్నపిల్లయితే హరిదాసు మోకాళ్ల మీద కూర్చుంటాడు బాబూ. పిల్ల చెయ్యి పాత్రకు అందాలి కదా. నువ్వు నిలబడే ఉన్నావేంటి?" అన్నాడు. మా నాటిక చివర్లో తల్లి చేతిలో బియ్యం తీసుకుని పక్కింటి పాప పోస్తుంది. అప్పటిదాకా ఆ పాపను మేం తల్లితో ఎత్తించేవాళ్లం. మర్నాడు రిహార్సల్లో హరిదాసును మోకాళ్ల మీద కూర్చోబెట్టాం. ఆ వారమే ఎంట్రీ ఫారం నింపాం.